నాయన కనిపించే సీను

దయ్యాలున్నాయంటే నాకు మొదట్నుంచీ ఒళ్ళు మంట. ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు చెప్పుకుని బతికినదాన్ని. స్టాఫ్ రూములో ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే, "మీ దయ్యానికి పనీపాటా లేకపోతే మన స్కూలుకొచ్చి పరీక్ష పేపర్లు దిద్దమనండి" అని నోరు మూయించేదాన్ని. కాబట్టి ఇది చదివి, పాపం పంతులమ్మకు వయసు మీదపడి మతి చలించింది అనుకోకండి. జరిగింది జరిగినట్టు చెప్తాను. ఎందుకు జరిగిందని మాత్రం నన్ను అడగొద్దు.

మా నాయన మొహం నాకు గుర్తులేదు. నాకు మూడేళ్ళు నిండకముందే విషజ్వరమొచ్చి పోయాడు. ఇంట్లో ఫోటో ఒక్కటి కూడా లేదు. ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని మా అవ్వ, అంటే నాయన తల్లి, పెళ్ళిలో కూడా దిగనివ్వలేదట. దిగకపోయినా తగ్గింది, అది వేరే సంగతి.

అలాగని నాయనను చూడకుండా నేను పెరగలేదు. సినిమాలో చూశాను.

నేను అమ్మ కడుపులో ఉండగా చంద్రగిరి కోటలో ఒక జానపద సినిమా తీశారు. మాది ఆ పక్క పల్లె. సినిమాలో జనం కావాలని చుట్టుపక్కల ఊళ్ళలోంచి మగవాళ్ళను పిలుచుకుపోయారు. బెల్లం బండి తోలుకునే మా నాయన, ఆయన స్నేహితుడు మునస్వామి మామ కూడా పోయారు. వాళ్ళకు పట్టు అంగీలు తొడిగి, తలపాగాలు చుట్టి, మొహాలకు రంగు పూసి రాజుగారి ప్రజల్లో నిలబెట్టారు. అమ్మకు నెలలు నిండుతున్నాయని షూటింగు చూడ్డానికి పంపలేదు.

సినిమా పేరు చెప్పను. చెబితే నా వయసువాళ్ళు చదవడం ఆపి పాటలు పాడుకుంటారు. అందులో గాల్లో ఎగిరే పందిరి మంచం ఉంది, మాట్లాడే ఏనుగుంది, కళ్ళలోంచి నిప్పులు కురిపించే మాంత్రికుడున్నాడు. చివర్లో మాంత్రికుడు రాకుమారిని అమ్మవారికి బలి ఇవ్వబోతాడు. ప్రజలందరూ పళ్ళేల్లో కుంకుమ పట్టుకుని ఏడుస్తూ గుడి మెట్లెక్కుతారు. గుడి అంటే కోట వెనకాల ఉన్న పాడుబడ్డ మంటపం. అమ్మవారంటే సినిమావాళ్ళు సున్నంతో చేసిన బొమ్మ.

ఆ బొమ్మ ముందుకు రాగానే మా నాయన, అది సినిమా అన్న సంగతి మరిచిపోయాడు. చేతిలో పళ్ళేన్ని పక్కనున్న మునస్వామి మామ చేతిలో పెట్టి, కళ్ళు మూసుకుని టపటపా చెంపలు వేసుకున్నాడు. వేసుకున్నాక తప్పు తెలిసొచ్చి, ఎవరైనా చూశారేమోనని సిగ్గుగా పక్కకు చూశాడు. అందరూ ఏడుస్తుంటే ఈయనొక్కడే అలా. డైరెక్టరు గమనించలేదో, గమనించినా పోనీలే అనుకున్నాడో, దాన్ని అలాగే ఉంచేశారు.

రెప్పపాటులో అయిపోయే ఆ సీనే మాకు నాయన ఫోటో. నాయన పోయాక అమ్మ నన్ను తీసుకుని తిరుపతి వచ్చేసింది. ఇంటి అరుగు మీద ఇడ్లీలు పోసి నన్ను చదివించింది. ఆ సినిమా ఏ టూరింగ్ టాకీసుకు వచ్చిందని తెలిసినా సరే, ఆ రోజు పొయ్యి వెలిగించేది కాదు. పాకాల అయినా, పీలేరు అయినా నన్ను చంకనేసుకుని బస్సెక్కేది. ఇసుకలో కూర్చుని నేను ఎగిరే మంచం కోసం చూస్తుంటే అమ్మ మాత్రం చివరి రీలు కోసం చూసేది. మాట్లాడే ఏనుగు చచ్చిపోగానే నా తొడ గిల్లేది, ఇంక రెప్ప వేయొద్దని. నాయన వచ్చి చెంపలేసుకుని వెళ్ళిపోయేవాడు. "సూస్తివా?" అనేది. "సూస్తినిమ్మా" అనేదాన్ని. ఇద్దరం లేచి వచ్చేసేవాళ్ళం. ఆ మాంత్రికుడు ఎలా చచ్చాడో నాకు చాలా ఏళ్ళ వరకూ తెలియదు.

తర్వాత రంగుల సినిమాలొచ్చాయి. టూరింగ్ టాకీసులు డేరాలు చుట్టేశాయి. నాకు ఉద్యోగమొచ్చింది, పెళ్ళయింది, అమ్మ నాతోనే ఉంది. అప్పుడు అమ్మకు కళ్ళు పోవడం మొదలైంది. నీటికాసులు అన్నారు పెద్దాసుపత్రిలో. పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నది కూడా నెమ్మదిగా పోతుందని చెప్పారు. నేను కారిడార్లోనే ఏడ్చేశాను. అమ్మ ఏడవలేదు.

"ఇడ్లీ పోసేదానికి కండ్లెందుకే, సేతులకు తెలుసు," అంది. "ఉండే సూపు పోకముందే మీ నాయన్ను ఒక్కసారి సూపించు పాపా. అంతే సాలు నాకు."

ఎంతపాటి కోరిక అది! నేను తిరుపతిలో తెలిసిన సినిమాహాలు మేనేజర్లందరి దగ్గరికీ పోయాను. ఒకాయన నవ్వాడు. "ఆ కాలం తెలుపు నలుపు ప్రింట్లు ఇంకా యాడుంటాయమ్మా? ఫిలింలో వెండి ఉంటాది గదా. అన్నీ కరిగించేసినారు," అన్నాడు. ఆయనకేం, మామూలుగా చెప్పాడు. మా నాయన మొహాన్ని కరిగించి ఎవరికో కాలిపట్టీలు చేసేశారన్నమాట.

ఆ మాట అమ్మకు ఎలా చెప్పాలో తెలియక నాన్చి నాన్చి చెప్పాను. "బొమ్మ లేకుంటే పోనీ. ఆయన నిలబడిన తావుకన్నా తీసకపో. అది కరిగించలేదు గదా," అంది.

అప్పటికి అమ్మకు వెలుతురు, నీడ మాత్రమే తెలుస్తున్నాయి. అక్కడికి పోయి చూసేదేముంది అనుకుంటూనే సరేనన్నాను.

ఒక ఆదివారం పొద్దున టిఫిను చేసి చంద్రగిరి బస్సెక్కాం. ఎండ బాగా కాస్తోంది. రాజమహలు దగ్గర అరడజను మంది తప్ప జనం లేరు. అక్కడి కాపలాదారుడు చెట్టు నీడలో బీడీ కాల్చుకుంటున్నాడు. మంటపానికి దారి అడిగితే, "ఆడ ఏముండాది తల్లీ, గబ్బిలాలు తప్ప," అని చేత్తో చూపించాడు.

మంటపం చూడగానే నాకు నవ్వొచ్చింది. సినిమాలో అది ఆకాశాన్ని అంటేది. ఇక్కడ చూస్తే పది మంది పట్టేంత స్థలం. పైనున్న గోపురమంతా అట్టముక్కలేనన్నమాట! కానీ స్తంభాలు అవే. మెట్లు అవే. రాకుమారిని కట్టేసిన స్తంభం మీద చెక్కిన చిలక కూడా ఉంది. అమ్మ చెయ్యి పట్టుకుని ఒక్కొక్కటీ తడిమించాను. లోపలి గర్భగుడిలో దేవుడు లేడు, చీకటీ గబ్బిలాల వాసనా తప్ప. మంటపానికి వెనక, పక్కల గోడలు. దారి ముందు మెట్ల వైపు ఒక్కటే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత నేను తల బద్దలుకొట్టుకున్నది దీని గురించే.

"మీ నాయన యాడ నిలబడినాడు?" అని అడిగింది అమ్మ. గర్భగుడి గడప ముందు బండ దగ్గరికి తీసుకెళ్ళాను. వంగి దాన్ని తాకి కళ్ళకు అద్దుకుంది. తర్వాత మోకాళ్ళు నొప్పని మెట్ల మీద కూర్చుంది.

"నువ్వు పోయి నీ మంచం సూసుకోపో," అంది నవ్వుతూ. ఎగిరే మంచం దిగిన రాతి అరుగు మంటపానికి ఎదురుగానే ఎక్కడో ఉండాలి. నాకూ మనసు లాగింది. ముప్ఫై దాటిన పంతులమ్మను, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని పిచ్చి మొక్కల్లో మంచం దిగిన చోటు వెతుక్కున్నాను. నా క్లాసు పిల్లలు చూసి ఉంటే పరువు పోయేది. అరుగు కనబడింది. సంబరంగా అమ్మకు చెబుదామని వెనక్కి తిరిగాను.

గర్భగుడి గడప ముందు ఒక మనిషి నిలబడి ఉన్నాడు.

నాకు వీపు చూపిస్తున్నాడు. పట్టు అంగీ, పచ్చ తలపాగా. ఓహో, ఏదో షూటింగు ఉన్నట్టుంది అనుకున్నాను. కాపలాదారుడు ముందే చెప్పి చావొచ్చు కదా అని కోపం కూడా వచ్చింది. ఇంతలో ఆ మనిషి చేతిలోని పళ్ళేన్ని గడప మీద పెట్టి, టపటపా చెంపలు వేసుకున్నాడు. ఆ చప్పుడు నాకు వినబడింది. పళ్ళెం తీసుకుని ఇటు తిరిగాడు. తిరుగుతూ సిగ్గుగా పక్కకు చూశాడు.

ఆ చూపు నాకు తెలుసు. ఆ చూపు కోసమే కదా మేం ఊళ్ళు పట్టుకు తిరిగింది! ఎప్పుడూ తెలుపు నలుపుల్లో చూసిన మొహం మొట్టమొదటిసారి రంగుల్లో ఉంది. చామనఛాయ మీద గులాబి రంగు పౌడరు పూశారు. అది చెమటకు చెవుల దగ్గర చారలు కట్టింది. మీసాలు ఇంకా సరిగ్గా ముదరలేదు. నాకంటే చిన్నవాడు. మా నాయన, నాకంటే చిన్నవాడు!

మెట్లు దిగబోతూ ఆయన అమ్మను చూశాడు. ఆగాడు.

"ఏమవ్వా, ఒక్కదానివే కూసోనుండావు?" అన్నాడు.

అమ్మ మొదట ఎవరో యాత్రికుడనుకుని గొంతు వచ్చిన వైపు మొహమెత్తి నవ్వింది. ఆయన అమ్మ మొహంలోకి అలాగే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత పళ్ళెంలోంచి పొడి తీసి అమ్మ అరచేతిలో పెట్టాడు.

"ఇంద. బొట్టు పెట్టుకో అవ్వా," అని వెనక్కి తిరిగి చిలక స్తంభం చాటుకు వెళ్ళాడు.

నేను "నాయనా" అని అరవబోయాను. నోరు పెగల్లేదు. ఎలా పరిగెత్తానో తెలియదు, మెట్లెక్కి స్తంభం వెనక చూశాను. గోడ. గర్భగుడిలోకి దూరాను. గబ్బిలాలు తప్ప ఏమీ లేవు. కింద దుమ్ములో మనిషి అడుగన్నది లేదు. అప్పుడు గొంతొచ్చింది నాకు. కాపలాదారుడు పరిగెత్తుకొచ్చేదాకా అరుస్తూనే ఉన్నానట.

"షూటింగా? ఈడ యే షూటింగూ లేదు తల్లీ," అన్నాడు. "మీరు తప్ప ఈ పక్కకు ఎవురూ రాలేదు. దారిలోనే కూసోనుండా గదా నేను."

మా తిరుపతి గంగమ్మ జాతరకు వేషం కట్టినవాడెవడైనా అయ్యుండొచ్చు అని అప్పటికప్పుడు నాకు నేనే చెప్పుకున్నాను. కానీ జాతర అయిపోయి నెలలు గడిచాయి. ఏ వేషగాడైనా గోడలోంచి పోలేడు.

మెట్ల దగ్గరికి వచ్చేసరికి అమ్మ పిడికిలి బిగించి ఉంది.

"పాపా, మీ నాయన గొంతు," అంది. "ఆయన గొంతు నేను మరస్తానా? సినిమాలో కూడా మాట లేదు గదే ఆయనకు. ఇన్నేండ్లకు విన్నానే." అని, ఉన్నట్టుండి బావురుమంది. "నన్ను అవ్వా అనినాడే పాపా! నేనెవురో ఆనవాలు పట్టలేదే!"

పిడికిలి విప్పి చూశాను. అందులో ఉన్నది కుంకుమ కాదు. మసిలాంటి నల్లటి పొడి.

ఇంటికొచ్చాక అమ్మ ఆ పొడిని గుడ్డముక్కలో మూటకట్టి దిండు కింద పెట్టుకుంది. అన్నం మానేసింది. అడుక్కుని, తిట్టి, ఏడ్చి రెండు ముద్దలు పెట్టాల్సి వచ్చేది. చూపు పోతోందని ఏనాడూ ఏడవని మనిషి, పడుకుని గోడవైపు తిరిగి, "ముసిలిదాన్నయిపోతిని, ఆయనకేం తెలుసు," అనుకుంటూ ఉండేది. ఒకసారి చూడాలన్న ఆశతో పోయిన మనిషి ఇలా అయ్యింది. ఎందుకు తీసుకెళ్ళానురా భగవంతుడా అని నన్ను నేను తిట్టుకున్నాను. నేను ఆయన మొహం చూశానని చెప్పడానికి ధైర్యం చాలలేదు.

ఇది భ్రమ అని తేల్చుకుంటే తప్ప అమ్మ బతకదనిపించింది నాకు. ఆ రోజు షూటింగులో నాయన పక్కన నిలబడిన మునస్వామి మామ పాకాలలో కొడుకు దగ్గర ఉన్నాడు. పోయాను. చంద్రగిరి సంగతి ఒక్క మాట కూడా చెప్పలేదు. ఆ సినిమా గుర్తొచ్చిందని కబుర్లలోకి దింపి, మీ పళ్ళేల్లో పోసింది నిజం కుంకుమేనా మామా అని మాత్రం అడిగాను. అవునంటే ఆ నల్లపొడి నాయనది కాదని అమ్మకు చెప్పొచ్చు.

మామ పకపకా నవ్వాడు. "కుంకుమ యాడిది అమ్మణ్ణీ! నల్లపొడి. తెలుపు నలుపు బొమ్మలో ఎరుపు సరిగ్గా పడదని ఏదో మసి కలిపి ఇచ్చినారు. అమ్మోరికి నల్లది పెడతారా అని మీ నాయన వాళ్ళతో పెద్ద రగడ చేసినాడు."

నేను అడక్కుండానే మామ ఇంకేదో గుర్తుకొచ్చి తల ఊపుతూ చెప్పుకుపోయాడు.

"ఆ పొద్దు ఇంకొకటి జరిగినాది. అన్నాలకు ఇడిసిపెట్టినప్పుడు మేమంతా చెట్టు కింద ఉంటిమి. మీ నాయన ఒక్కడే పళ్ళెం పట్టుకుని ఆలస్యంగా వచ్చినాడు. మొహం అదో మాదిరిగా ఉండాది. ఏమిరా అంటే, మెట్ల మీద ఒక గుడ్డి అవ్వ కూసోనుంటే ఇంత బొట్టు ఇచ్చినా అనినాడు. మొహాన బొట్టు లేని ముసిలమ్మకు ఎవురన్నా బొట్టిస్తారా, బుద్ధుండాదా అని నేను తిట్టినా."

"నాయన ఏమన్నాడు మామా?" అన్నాను.

"నవ్వితే అచ్చం మా ఇంటిదాని మాదిరే ఉండాదిరా, బొట్టు లేకుండా ఆ మొహం సూడలేకపోతిని, అనినాడు. యాడుందో సూద్దాం రా అని నేను పోతే మెట్ల మీద ఎవురూ లేరు. చుట్టూ ఎతికినాము. ఆ పొద్దంతా మీ నాయన ముద్ద మింగలా. ఇంట్లో నిండు చూలాలుండాది, ఇదేం శకునమో, దానికి చెప్పొద్దురా అని నా చేత ఒట్టేయించుకున్నాడు. ఇన్నేండ్లకు నువ్వు అడిగితివి గాబట్టి నోట్లో నుంచి వచ్చేసినాది."

పాకాల నుంచి బస్సులో ఎలా వచ్చానో గుర్తులేదు. చెప్పులు ఎక్కడో మరిచిపోయి వచ్చానని ఇంటికొచ్చాక మా ఆయన చెబితే తెలిసింది.

అమ్మ పక్కన కూర్చుని అంతా చెప్పాను. నేను చూసిన పచ్చ తలపాగా, చెవి దగ్గర చెమట చారలు, అమ్మ నవ్వినప్పుడు ఆయన అలాగే చూస్తూ నిలబడిపోవడం, అన్నీ. చివరికి మామ చెప్పింది ఉన్నదున్నట్టు చెప్పాను.

"ఇంకోతూరి చెప్పు," అంది అమ్మ. చెప్పాను. "నవ్వితే నా మాదిరే ఉండాదనినాడా?" అంది. అవునన్నాను. దిండు కింద చెయ్యి పెట్టి మూట తీసి నా చేతిలో పెట్టింది.

"పెట్టు పాపా."

"అమ్మా, నలుగురూ ఏమంటారు?"

"నలుగురు ఇచ్చినారా నాకు? ఆయన ఇచ్చినాడు. పెట్టు."

పెట్టాను. కొంచెం వంకరగా పడింది. అమ్మ లేచి కూర్చుని అన్నం పెట్టమంది.

ఆ తర్వాత అమ్మ చాలా ఏళ్ళు బతికింది. చూపు పూర్తిగా పోయింది. ఆ పొడి అయిపోయాక కాటుకతో పెట్టించుకునేది. బంధువులు ముఖం మీదే అడిగారు, పెళ్ళిళ్ళకు పిలవడం మానేశారు. అమ్మ మాత్రం బొట్టు మానలేదు. పోయిన రోజున కూడా ముత్తయిదువులు గొణుగుతూ ఉంటే, బొట్టు నేనే పెట్టి పంపించాను.

నేను చూసింది ఎండ దెబ్బకు కలిగిన భ్రమ అనండి, ఒప్పుకుంటాను. మరి అమ్మ చేతిలోకి పొడి ఎలా వచ్చింది? నేను నోరు విప్పకముందే మామ ఆ ముసలమ్మ సంగతి ఎందుకు చెప్పాడు? సైన్సు పుస్తకాల్లో నాకు దొరకలేదు. ఒక్కటి మాత్రం ఆలోచించిన ప్రతిసారీ నాకు చెమటలు పడతాయి. మునస్వామి మామ లెక్కలో మా నాయన ఆ రోజు నిక్షేపంగా బతికే ఉన్నాడు. షూటింగు జరుగుతూనే ఉంది, చెట్టు కింద అన్నాలు వడ్డిస్తూనే ఉన్నారు. ఆ రోజు మెట్ల మీద కనబడి మాయమైపోయింది మా అమ్మ.